నెల్లూరు, ఒంగోలు వీధుల్లో క్యాండిడ్ ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బజార్లో, సముద్రం ఒడ్డున, తిరునాళ్ళలో మనుషులు వాళ్ళ పనిలో వాళ్ళుండగా ఫోటోలు (క్యాండిడ్) తీయాలని ఉత్సాహపడే వాళ్ళు మన దగ్గర బాగా పెరిగారు. కాలేజీ పిల్లలున్నారు, రిటైరయ్యాక కెమెరా కొన్న పెద్దవాళ్ళున్నారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇవి. కెమెరా సెట్టింగుల కంటే మనుషులతో ఎలా మెలగాలన్నదే ఎక్కువమందికి టెన్షన్, అందుకే జవాబులు కూడా అక్కడే పొడుగయ్యాయి.

క్యాండిడ్ అంటే పెళ్ళిళ్ళలో తీసేదే కదా?

పెళ్ళి ప్యాకేజీల వల్ల మనకు అలా అలవాటైంది. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ ఉంటాడని వచ్చిన అందరికీ ముందే తెలుసు, డబ్బిచ్చి పిలిచింది కూడా వాళ్ళే. నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఈ పేజీ అంతా ఆ రెండో రకం ఫోటోల గురించే.

ముందే అడగాలా, తీశాక చెప్పాలా?

ముందే అడిగితే అవతలి మనిషి చేస్తున్న పని ఆపేస్తాడు, చొక్కా సర్దుకుంటాడు, ఆధార్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. చాటు నుంచి తీస్తే ఆ సంగతి ఫోటోలోనే తెలిసిపోతుంది: దూరం, వంకర కోణం, సగం తెగిన మొహం.

నేను నమ్మే పద్ధతి ఒకటుంది. ముందు మీరు అక్కడ ఉండటానికి వాళ్ళ ఒప్పుదల తీసుకోండి. ఫోటో సంగతి తర్వాత. ఉదాహరణకి, నెల్లూరు చిన్న బజారులో పూలు కట్టే ఆమెను తీయాలనుకున్నారు. కెమెరాను సంచిలో దాచకుండా మెడలో కనబడేలా వేసుకుని వెళ్ళండి. రెండు మూరల మల్లెలు కొనండి. "అమ్మా, కాసేపు ఇక్కడ నిలబడి ఫోటోలు తీసుకుంటాను, మీ పని మీరు చేసుకోండి" అనండి. మొదటి పది నిమిషాలు ఆమె మీవైపే చూస్తూ ఉంటుంది. పక్క కొట్టాయన "ఏ పేపరుబ్బా మీది?" అంటాడు. ఉన్నదున్నట్టు జవాబు చెప్పండి. ఇంతలో ఎవరో బేరానికి వస్తారు, చిల్లర దగ్గర మాటా మాటా పెరుగుతుంది, ఆమె మిమ్మల్ని మర్చిపోతుంది. మీకు కావలసిన ఫోటోలు అప్పుడు మొదలవుతాయి. ఈ ఓపిక లేనివాళ్ళే జూమ్ లెన్సు వెనక దాక్కుంటారు.

రోడ్డు దాటే మనిషి, కదిలే బస్సు కిటికీలో మొహం, ఇలాంటి వాటికి అడిగే వ్యవధే ఉండదు. తీయండి. ఆయన చూస్తే మీరూ చూసి నవ్వి తల ఊపండి. వద్దని చెయ్యి ఊపితే కెమెరా దించేయండి. ఇంకొకటి తీద్దామని అక్కడే తచ్చాడకండి.

బయట తిరిగే వాళ్ళను తీయడం చట్టప్రకారం తప్పా?

బహిరంగ స్థలంలో ఉన్న మనిషిని మామూలుగా ఫోటో తీయడాన్ని నేరుగా నేరమనే చట్టం మన దేశంలో లేదు. అలాగని అన్నీ చెల్లవు. ఆడవాళ్ళు ఎవరూ చూడరన్న నమ్మకంతో బట్టలు మార్చుకునే, స్నానం చేసే వేళ తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1 నుంచి ఇది అమల్లో ఉంది, అంతకుముందు ఐపీసీలో 354సీ ఉండేది. ఎవరివైనా సరే, శరీరంలోని గోప్యమైన భాగాలను ఒప్పుదల లేకుండా తీసినా, పంపినా, ఐటీ చట్టం 66ఈ కింద 3 ఏళ్ళ దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు. పెన్న రేవులో, మైపాడు ఒడ్డున, తిరునాళ్ళ స్నానఘట్టాల దగ్గర తీసేవాళ్ళు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. వీధిలోకి వచ్చినంత మాత్రాన మనిషి తన మర్యాదను ఇంట్లో వదిలి రాడు. చట్టంలో ఏముందని వెతికే ముందు, ఆ స్థానంలో మీ అమ్మో మీ నాన్నో ఉంటే ఆ ఫోటో తీసేవారా అని ఆలోచించండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

అసలు కెమెరా ఎత్తకూడని చోట్లు ఏవి?

పోర్టు, విద్యుత్ కేంద్రం గేట్ల దగ్గర, పోలీస్ స్టేషన్, కోర్టు ఆవరణ, జైలు, ఆస్పత్రి వార్డులు. గుళ్ళో గర్భాలయం వైపు వద్దు, మిగతా చోట్ల బోర్డు చూసి, దేవస్థానం వాళ్ళను అడిగి తీయండి. రైల్వే స్టేషన్లో పెద్ద కెమెరా బయటికి తీసేముందు స్టేషన్ మాస్టర్‌తో మాట్లాడండి. పట్టాల మీదికి దిగి తీయడం మాత్రం ఎవరు ఊరుకున్నా చేయకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు లేదా 1000 రూపాయల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. ప్రాణం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఎవరైనా కోప్పడితే ఏం చేయాలి?

పరిగెత్తకండి. వాదించకండి. "నాకు హక్కుంది" అన్న మాట బజారులో అస్సలు పనిచేయదు. కెమెరా దించి, దగ్గరికి వెళ్ళి, "అన్నా, మీరు పని చేసే తీరు బాగుందని తీశాను, ఇదిగో చూడండి" అని చూపించండి. ఎక్కువమంది కోపం భయంలోంచి వస్తుంది. ఫోటో ఏ యూట్యూబ్ చానెల్లో వస్తుందో, మున్సిపాలిటీ వాళ్ళకు చేరుతుందేమో, అప్పులవాళ్ళ కంటపడుతుందేమో అని. బండి పెట్టుకుని బతికే మనిషికి ఆ భయాలు ఊరికే రావు. చూశాక కూడా వద్దంటే వాళ్ళ కళ్ళముందే తీసేయండి. ఫోన్లో అయితే డిలీట్ చేసినవి ఇంకో ఫోల్డర్లో కొన్నాళ్ళు ఉంటాయి, అక్కడినుంచి కూడా తీసేసి చూపించండి. గుంపు పోగైతే అక్కడి పెద్దమనిషి ఎవరో కనిపెట్టి ఆయన ఒక్కడితోనే మాట్లాడండి. జేబులో కాలేజీ ఐడీ కార్డో, మీరు తీసిన పాత ఫోటోల ప్రింట్లో ఉంటే ఆ మాటలు తొందరగా సర్దుకుంటాయి.

చిన్నపిల్లల్ని తీయొచ్చా?

అమ్మానాన్నలు పక్కన ఉంటేనే, వాళ్ళను అడిగాకే. బడి యూనిఫాం మీద బడి పేరు, మెడలో ఐడీ కార్డు కనబడే ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టకండి. ఒంటి మీద బట్టల్లేకుండా ఆడుకునే పిల్లల ఫోటో ఎంత ముద్దుగా వచ్చినా పెట్టొద్దు. మొహాలు మార్చి ఎక్కడెక్కడో అతికించే యాప్‌లు వచ్చాక ఈ విషయంలో సడలింపు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

నేను ఆడపిల్లని. ఒంటరిగా కెమెరాతో బజారులో తిరగడం కుదిరే పనేనా?

కుదురుతుంది. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారవాలా (1913–2012) చీర కట్టుకుని, ఆ కాలపు బరువు కెమెరాలు మోస్తూ స్వాతంత్ర్యం నాటి ఢిల్లీని ఫోటోలు తీశారు. మీకు అందే చోట్లు మగవాళ్ళకు అందవు. గాజుల కొట్టు, కుళాయి దగ్గర బిందెల వరస, వాకిట్లో ముగ్గు, పేరంటం, రైల్లో ఆడవాళ్ళ పెట్టె, ఇవన్నీ మిమ్మల్ని రానిస్తాయి. మొదట్లో ఉదయం పూట కూరగాయల మార్కెట్‌తో మొదలుపెట్టండి. అక్కడ జనమూ, అందులో ఆడవాళ్ళూ ఎక్కువ. ఒకే మార్కెట్‌కి వారం వారం వెళ్తే అక్కడి అక్కలే మీకు కాపలా ఉంటారు. ఎవడైనా వెంటపడితే ఆ కొట్లలోకే వెళ్ళి గట్టిగా చెప్పండి. అవసరమైతే 112కి ఫోన్ చేయండి.

ఫోన్ చాలా, కెమెరా కొనాలా?

ఫోన్ చాలు. తీసేముందు లెన్సు చొక్కా కొసతో తుడవండి, చెమటా నూనే అంటిన లెన్సు వల్లే సగం ఫోటోలు మసకబారుతున్నాయి. మెయిన్ లెన్సుతోనే తీయండి, వేళ్ళతో జూమ్ చేయకండి, రెండడుగులు ముందుకి నడవండి. పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అది వెనకున్నదంతా మసక చేస్తుంది, ఆ వెనకున్న గాంధీ బొమ్మ సెంటరే కదా ఆ ఫోటోకి ఊరు. వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేస్తే ఫోను కదలదు. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

కెమెరా ఉంది. ఏ సెట్టింగ్ పెట్టుకోవాలి?

ఫోకస్ కోసం తడుముకునేలోపు సంగతి జరిగిపోతుంది కాబట్టి ముందే కుదిర్చి పెట్టుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారున్న) కెమెరాకి 28 ఎంఎం లెన్సు పెట్టి, ఎఫ్8 (లెన్సు రంధ్రం కాస్త చిన్నదయ్యే అంకె) దగ్గర, రెండున్నర మీటర్ల దూరానికి మాన్యువల్ ఫోకస్ చేసి వదిలేయండి. సుమారు ఒకటిన్నర మీటర్ నుంచి పది మీటర్ల దాకా అంతా స్పష్టంగా పడుతుంది. ఇక మీరు చూసుకోవలసింది మనిషినే. 18–55 కిట్ లెన్సు ఉన్నవాళ్ళు 18 దగ్గర పెట్టుకుంటే దాదాపు ఇదే ఫలితం. షట్టర్ వేగం నడిచే మనిషికి సెకనులో 250వ వంతు, సైకిలుకీ పరుగుకీ 500వ వంతు. ఐఎస్ఓని (వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో ఉంచి 3200 దాటకుండా హద్దు పెట్టండి.

తెల్ల పంచె, తెల్ల చొక్కా మనకు పెద్ద చిక్కు. ఎండలో తెల్లబట్ట పాలిపోయి మడతలు కనిపించవు. ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) అర స్టాప్ తగ్గించండి; ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం. వెలుగు వెనకనుంచి వచ్చి మొహం నల్లబడేటప్పుడు దానికి తిరగేసి, ఒక స్టాప్ పెంచండి.

ఏ వేళ బాగుంటుంది?

వేసవిలో ఉదయం ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం అయిదు తర్వాత. ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే రోడ్డు మీద పొద్దున పడమటి వరస కొట్ల మీద ఎండ పడుతుంది, సాయంత్రం తూర్పు వరస మీద. ఏ వేళకి ఏ వైపు నిలబడాలో దీన్నిబట్టి తేల్చుకోండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం తిరగొద్దు, ఫోను కూడా వేడెక్కి కెమెరా ఆగిపోతుంది. తప్పనిసరైతే పందిరి కిందో, పట్టా నీడలోనో ఉన్నవాళ్ళను తీయండి.

వాన మాత్రం వదులుకోకండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పుడు టీ బంకు చూరు కింద చేరినవాళ్ళు ఎవరినీ పట్టించుకోరు, తడిసిన రోడ్డు మీద దీపాలన్నీ కిందకి దిగుతాయి. కెమెరాకి ఒక ప్లాస్టిక్ కవరు, లెన్సుకి రబ్బరు బ్యాండు సరిపోతాయి. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది, పావుగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి.

మైపాడులో, కొత్తపట్నంలో మత్స్యకారుల ఫోటోలు తీయాలి. ఎప్పుడు వెళ్ళాలి?

తెల్లారకముందే చేరుకోండి. మన తీరం తూర్పుముఖం, సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. మీరు ఇసుక మీద నిలబడి సముద్రం వైపు తీస్తే మనుషులు నల్లటి ఆకారాలుగా పడతారు. అదే కావాలంటే సరే. మొహాలు కావాలంటే నీళ్ళ అంచుకు వెళ్ళి వెనక్కి తిరగండి, పడవ కోసం ఎదురుచూసే వాళ్ళ మొహాల మీద ఆ లేత ఎండంతా ఉంటుంది.

చేప దిగి వేలంపాట మొదలయ్యాక అడ్డం వెళ్ళకండి. అది వాళ్ళ ఆ రోజు కూడు. వల తొక్కకండి, మోకు దాటకండి, పడవ ఒడ్డుకు లాగేటప్పుడు కెమెరా పక్కన పెట్టి ఒక చెయ్యి వేస్తే ఇంకా మంచిది.

చాలామందికి తట్టని సంగతి ఒకటి చెప్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఫోటోలకేం దొరకదనుకుని ఎవరూ వెళ్ళరు. నిజానికి ఆ రోజుల్లోనే పాళేల్లో మనుషులు తీరిగ్గా ఉంటారు. పడవలకు రంగులు వేస్తారు, వలలు బాగుచేస్తూ నీడలో గంటలు గంటలు కూర్చుంటారు, ముసలాళ్ళు కబుర్లు చెప్తారు. సంపాదన లేని రోజులు కూడా అవే, కాబట్టి ఖాళీ చేతులతో వెళ్ళి ఫోటోలు మాత్రం తెచ్చుకోవడం బాగుండదు. బిస్కెట్ ప్యాకెట్లో, కిందటిసారి తీసిన ప్రింట్లో తీసుకెళ్ళండి.

రొట్టెల పండగలో ఎలా తీయాలి?

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే పండగ ఇది. చాంద్రమానం కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది, తేదీ చూసుకుని వెళ్ళండి.

అక్కడ కెమెరాకి దొరికేవి చాలా ఉంటాయి, అందుకే అక్కడే ఎక్కువ సంయమనం కావాలి. నీళ్ళలో దిగిన ఆడవాళ్ళు తడిసి ఉంటారు. దూరం నుంచి లెన్సు పెట్టి వాళ్ళను తీయడం తప్పు, అంతే. చేతులు తీయండి. కోరిక తీరినవాళ్ళు తెచ్చిన రొట్టె, కోరిక ఉన్నవాళ్ళు చాచిన చేతులు, రెండూ కలిసే ఆ క్షణంలోనే పండగ అంతా ఉంది. సంతాన రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె అని పిలుచుకుంటూ మనుషులు వెతుక్కుంటారు. ఆ పిలుపు వినిపించగానే అటు తిరిగితే ఫోటో మీ ముందే ఉంటుంది. సంతాన రొట్టె తీసుకునే ఆమె మొహం గుర్తుపట్టేలా తీస్తే మాత్రం ఆమెను అడగకుండా ఎక్కడా పెట్టకండి. పిల్లల్లేరన్న సంగతి ఆమె దేవుడితో చెప్పుకోవడానికి వచ్చింది, ఊరికి చెప్పడానికి రాలేదు. దర్గా లోపలికి వెళ్తే తల కప్పుకోండి, చెప్పులు బయట విడవండి. గంధోత్సవం జరిగే రాత్రి తొక్కిడిలో కెమెరా పట్టీ చేతికి చుట్టుకోండి.

ఒంగోలు వైపు ఎక్కడ మొదలుపెట్టాలి?

అద్దంకి బస్టాండు చుట్టుపక్కల పొద్దున పూట, ఆ తర్వాత కూరగాయల మార్కెట్. సంక్రాంతికీ తిరునాళ్ళకీ పల్లెల్లో ఒంగోలు జాతి ఎడ్లతో బండలాగుడు పోటీలు జరుగుతాయి. అక్కడ తాడు దాటి లోపలికి పోవద్దు, జత అదుపు తప్పితే ఆపడం ఎవరి వల్లా కాదు. 1000వ వంతు షట్టర్ పెట్టుకోండి. ఎడ్లను అందరూ తీస్తారు, మీరు పందెం ముందు ఎద్దు మెడ నిమిరే రైతును, పందెం చూస్తూ పళ్ళు బిగించిన జనాన్ని తీయండి.

ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలు కూడా మంచి చోట్లే, కానీ అవి బజార్లు కావు. అక్కడి అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. పొగాకు బేలుకి (మూటకి) ధర పలకక "నో బిడ్" పడినప్పుడు రైతు మొహంలోకి కెమెరా పెట్టకండి. కాసేపాగి పక్కన కూర్చుని, ఏ ఊరు పెద్దయ్యా, పంట ఎన్నెకరాలు అని అడగండి. ఆయనే చెప్పుకోవాలనుకుంటే, తీయమంటే, అప్పుడు తీయండి. అది నలుగురికీ తెలియాల్సిన ఫోటో అవుతుంది.

నాట్లు వేసేవాళ్ళను, కూలిపనివాళ్ళను తీస్తే తప్పేముంది?

తీయడం తప్పు కాదు, ఎటునుంచి తీస్తున్నారన్నదే ప్రశ్న. వంగి నాట్లు వేసే ఆడవాళ్ళను వెనకనుంచి తీయొద్దు. ఎదర గట్టు మీదికి వెళ్ళి, కింద కూర్చుని, వాళ్ళ కళ్ళ ఎత్తులో తీయండి. చేతుల్లో నారు, మొహంలో మాట, పాట అన్నీ వస్తాయి. ఫుట్‌పాత్ మీద నిద్రపోయేవాళ్ళను, తాగి పడిపోయినవాళ్ళను, మతిస్థిమితం లేనివాళ్ళను తీయకండి. వాళ్ళు వద్దనలేరు.

ఇన్‌స్టాలో పెట్టొచ్చా? పోటీలకు పంపొచ్చా? అమ్ముకోవచ్చా?

పెట్టేటప్పుడు మనిషి పేరు, కచ్చితమైన లొకేషన్ రాయకండి, ఊరి పేరు చాలు. వాళ్ళను వెక్కిరించే క్యాప్షన్ వద్దు. పోటీలకు పంపేముందు నిబంధనలు చదవండి. కొన్నింట్లో ఫోటోలో ఉన్నవాళ్ళ రాతపూర్వక ఒప్పుదల అడుగుతారు. ప్రకటనకి అమ్మాలంటే ఆ కాగితం తప్పనిసరిగా తీసుకోండి, వచ్చిన డబ్బులో వాళ్ళకు కొంత ఇవ్వడం న్యాయం.

ఎడిటింగ్ ఎంతవరకు?

వెలుగు, నీడ, రంగు, క్రాపింగ్ వరకు. మనిషిని తీసేయడం, లేని మబ్బు పెట్టడం చేస్తే దాన్ని క్యాండిడ్ అనకండి.

ఫోటో ఇస్తానని మాటిచ్చాను. ఎలా చేర్చాలి?

మాటిస్తే ఇచ్చి తీరాలి. మీరు ఎగ్గొడితే ఆ వీధిలోకి తర్వాత కెమెరా పట్టుకొచ్చే పిల్లాణ్ణి ఎవరూ నమ్మరు. ఆడవాళ్ళ నంబరు మీరడగకండి, మీ నంబరు చీటీ మీద రాసివ్వండి, కావాలనుకుంటే వాళ్ళింట్లో ఎవరో వాట్సాప్ చేస్తారు. పెద్దవాళ్ళకు ప్రింటే ఇవ్వండి. సంతలో తీస్తే వచ్చే వారం అదే సంతకి తీసుకెళ్ళండి. ఊరూరా తిరిగి అమ్మే మనిషైతే ఆయన రోజూ ఆగే టీ బంకులో కవర్లో పెట్టి ఇచ్చి రండి. ఒకే మనిషివి నాలుగైదు వచ్చి ఉంటే మీకు నచ్చింది ఇవ్వకండి, ఫోన్లో అన్నీ చూపించి ఏది కావాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి.